ఊయల తలవైపు మరక

జైలు బండి సరిగ్గా మూడు గంటలకు కదులుతుంది. రెహోన్ వారి కుట్టుపని దుకాణం గడపని లాండీ కానుల్ తొక్కేసరికి ఒంటిగంటా నలభై అయింది. తమ్ముడు రూసెల్ హంతకుడు కాడని ఆమె ఈ గంటా ఇరవై నిమిషాల్లోనే రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే కమాండర్ సెటీనా కాగితం మీద సంతకం గీకుతాడు, రూసెల్ బండెక్కుతాడు. విచారణ మొదలయ్యేదాకా ఏడాదో రెండేళ్లో లోపలే పడి ఉంటాడు. మెరిదా జైల్లో మే నెల ఎలా ఉంటుందో లాండీకి తెలుసు. అక్కడ ఏసీలు బాగుచెయ్యడానికి ఆమె ఒకప్పుడు వెళ్లింది. అధికారుల గదుల్లో తప్ప ఇంకెక్కడా ఏసీ అన్నది లేదు.

పెరట్లో నిలబడి పనూచో రొట్టె తింటున్న సెటీనా ఆమెను చూడగానే ఖాళీగా ఉన్న చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇటివ్వు."

"దేనికి?"

"లోపల నువ్వు ఫొటోలు తీసి పేపరు వాళ్లకిస్తే నా ఉద్యోగం నువ్వు చేస్తావా? చూసుకో, మాట్లాడుకో, పో. నిందితుడి అక్కని లోపలికి రానివ్వడమే ఎక్కువ."

"అక్కగా రాలేదు. లైసెన్సున్న డిటెక్టివ్‌గా వచ్చాను."

"నీ లైసెన్సు మీద మీ నాన్న ఏసీ దుకాణం మసి ఇంకా పోలేదమ్మా," అని సెటీనా నవ్వాడు. లాండీ నవ్వలేదు. ఫోన్ అతని చేతిలో పెట్టింది. వాదిస్తే పది నిమిషాలు పోతాయి, ఆమె దగ్గర అన్ని నిమిషాలు లేవు.

జరిగింది చెప్పుకోవాలంటే చాలా చిన్నది. గ్వయబేరా చొక్కాలు కుట్టించి అమ్మే దోన్ బెర్నబే రెహోన్‌కి అరవై ఎనిమిదేళ్లు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి భోంచేసి, దుకాణం వెనక చిన్న గదిలో వల ఊయలలో పడుకున్నాడు. మూడూ పదికి భార్య మెల్బా తలుపు తీసేసరికి ప్రాణం లేదు. ఒంటి మీద గీత కూడా లేదు. ఊపిరాడక పోయాడని డాక్టరు రాశాడు. ఆ గది సీలింగుకి కొత్త ఏసీ బిగించి అప్పటికి అయిదు రోజులు. బిగించింది రూసెల్.

"గ్యాస్ లీకైంది, ముసలాయన పోయాడు," అన్నాడు సెటీనా. "పైగా ఏసీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. 'నా మాట వినకపోతే ప్రాణం పోయినా నా పూచీ లేదు' అన్నాడట మీవాడు. విన్న సాక్షి ఉన్నాడు."

"ఏసీలో గ్యాస్ ఎంత మిగిలిందో తూచారా?"

"ఎలా తూచుతాం? మేడ మీద కాపర్ పైపు కోసి, ఆ అతుకుని ల్యాబుకి పంపాం."

లాండీ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "అంటే లోపలున్న గ్యాసంతా ఆకాశంలోకి వదిలేశారు. అది పూర్తిగా ఉందని తూకంలో తేలితే మా తమ్ముడు ఆ రోజే ఇంటికొచ్చేవాడు. మీ చేత్తో మీరే సాక్ష్యాన్ని కోసి పారేశారు, కమాండర్ గారూ."

సెటీనా నమలడం ఆపాడు. "మూడింటికి బండి," అన్నాడు.

మెల్బా కుట్టు హాలు పక్క వరండాలో కూర్చుని ఉంది. హాల్లో పన్నెండు మిషన్లు ఆగకుండా మోగుతున్నాయి. యజమాని పోయినా పెళ్లివారి ఆర్డరు ఆగదు కదా. లాండీ ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిన్నిగారూ, ఏసీకి చోటు చూసిన రోజు మీరున్నారా?"

"ఉన్నానమ్మా. మీ తమ్ముడు వచ్చీ రాగానే నిచ్చెన వెయ్యలేదు. ఊయల కట్టండి అన్నాడు. ఈయన కట్టారు. పడుకోండి అన్నాడు. ఏసీ పెట్టడానికొచ్చావా, జోల పాడడానికొచ్చావా అని ఈయన నవ్వారు."

"రూసెల్ ఏమన్నాడు?"

"పడుకునేవాడి మొహం ఎటుంటుందో చూడకుండా ఏసీ పెట్టేవాడు రాజధాని నుంచి వచ్చినవాడై ఉంటాడు, నేను మాత్రం కాదన్నాడు."

అది వాళ్ల నాన్న మాట. "తర్వాత?" అంది లాండీ.

"ఇస్త్రీ గది వైపు గోడకి దగ్గరగా పెట్టు, పైపు తక్కువ పడుతుందని ఈయన పట్టు. మీవాడు అక్కడ వేలు పట్టేంత కన్నం పెట్టి, పైన దూలం అడ్డుందేమోనని చూశాడు. దూలం లేదు. కానీ సరిగ్గా ఊయల తలవైపు వచ్చింది. నిద్రలో చల్లగాలి మొహం మీద పడితే ఇంకేమన్నా ఉందా? నా మాట వినకపోతే నా పూచీ లేదు అన్నాడు. బెదిరింపు కాదమ్మా అది, బతిమాలడం. ఆ కన్నం కాగితం కుక్కి మూసేశాడు. తర్వాత తలుపుకి ఎదురుగా అనుకున్నారు. దానికి గస్పార్ ఒప్పుకోలేదు. తలుపు తీసినప్పుడల్లా ఆ చల్లదనం ఇస్త్రీ బల్ల మీదికొస్తుందని గోల పెట్టాడు. చివరికి మూసేసిన కిటికీ పక్క మూలకి ఒప్పుకున్నారు. అక్కడైతే గాలి ఎవరి మొహం మీదా పడదు, నీళ్లు పెరట్లోకి పోతాయి."

"గస్పార్ కూడా అక్కడే ఉన్నాడా?"

"నిచ్చెన పట్టుకున్నది వాడే."

గస్పార్ అంటే దోన్ బెర్నబే అన్న కొడుకు, దుకాణం మేనేజరు. 'సాక్షి' అని సెటీనా అన్నది ఇతన్నే. లాండీ వరండాలోంచి హాల్లోకి చూసింది. నలభై అయిదేళ్లవాడు, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, ఎడమవైపుకి కాస్త జారిన మూతి.

ఆమె చూపు పసిగట్టి మెల్బా గొంతు తగ్గించింది. "పాస్మో తగిలిందమ్మా, కుర్రాడుగా ఉన్నప్పుడు. పొద్దంతా ఇస్త్రీ చేసి, ఆ వేడి మీద చన్నీళ్లతో మొహం కడుక్కున్నాడు. తెల్లారేసరికి మూతి పక్కకి పోయింది. ఆర్నెల్లు మంత్రాలూ మందులూ చేయిస్తే ఈ మాత్రమన్నా సర్దుకుంది. గుణం మాత్రం బంగారం. గురువారం ఇస్త్రీ ఆవిడ రాకపోతే తనే తలుపేసుకుని ఒంటిగంట నుంచి రెండుంపావు దాకా పన్నెండు చొక్కాలు చేశాడు. అంత పని చేసీ, రెండున్నరకి మా అందరికీ చాయా ఆకు నిమ్మరసం కలిపి తెచ్చాడు. ఐసు కూడా తన చేత్తోనే పగలగొట్టాడు. వేళ్లు కందిపోయాయి పాపం. ఆయన లోపల..." మెల్బా కళ్లు తుడుచుకుంది. "ఆ సాయంత్రం అయిదింటికి నోటరీ దగ్గరికి వెళ్లాలి మేం. దుకాణం ఈ పన్నెండు మంది ఆడవాళ్ల పేర రాసేద్దామనుకున్నారు. గస్పారే నోటరీకి కబురు చేశాడు."

లాండీ లేచి నిలబడింది. ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లు పాస్మోని నమ్మం అంటారు, కానీ ఇస్త్రీ చేశాక ఫ్రిజ్ తలుపు మాత్రం వాళ్లు కూడా తియ్యరు. డాక్టర్లు కూడా తియ్యరు. అలాంటిది మూతి వంకరపోయిన మనిషి గంటంపావు ఇస్త్రీ చేసి, పావుగంట తిరక్కుండా ఐసులో చేతులు పెట్టాడట.

టైము రెండూ అయిదు.

సెటీనాని వెంటబెట్టుకుని ఆమె ఇస్త్రీ గదిలోకి వెళ్లింది. గస్పార్ వెనకే వచ్చి, చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు. గదిలో పెద్ద బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, తలమీద జిప్సం సీలింగు. సీలింగు మూలలో మనిషి దూరేంత చెక్క మూత.

"గురువారం ఒంటిగంట నుంచి ఎక్కడున్నావు?"

"ఇక్కడే అక్కా. ఇస్త్రీ చేస్తున్నా."

"ఎన్ని చొక్కాలు?"

"పన్నెండు."

"ఎప్పుడు దించావు పెట్టె?"

"రెండుంపావుకి."

"దించగానే చేతులు కడుక్కున్నావా? చెమట పట్టి ఉంటుందిగా."

గస్పార్ ఆమెను జాలిగా చూశాడు. "నాకేమన్నా పిచ్చా అక్కా? పెట్టె పట్టుకున్న రోజు పొద్దుగూకేదాకా చల్లటిది ముట్టుకోను. ఒక్కసారి ముట్టుకున్నందుకు ఇదిగో, ఈ మూతి వేసుకుని ఇరవై ఏళ్లు తిరుగుతున్నా."

"మరి రెండున్నరకి ఐసు పగలగొట్టింది ఎవరు?"

గస్పార్ జారిన మూతి ఇంకాస్త జారింది. సెటీనా కూడా ఈ ఊరివాడే, అతని తల్లీ ఇస్త్రీ చేసి పెంచినదే. చేతిలో పనూచో అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు మాత్రం..." అని గస్పార్ నీళ్లు నమిలాడు. "అంతగా ఆలోచించలేదు. పిన్ని దాహమంది."

"పన్నెండు చొక్కాలూ పొద్దున్నే చేసిపెట్టుకున్నావు. ఒంటిగంట నుంచి నీ చేతులు వేడెక్కలేదు, అందుకే ఐసుకి భయపడలేదు. తలుపేసుకుని నువ్వు చేసిన పని వేరే. కందిపోయిన వేళ్లతో బయటికొస్తే ఎవరన్నా అడుగుతారని, అందరూ చూస్తుండగా ఐసు పగలగొట్టావు."

"కమాండర్ గారూ, ఈవిడ నన్ను హంతకుణ్ణంటోంది," అన్నాడు గస్పార్ నెమ్మదిగా.

సెటీనా తేరుకున్నాడు. ఒక ఆడది, అందులోనూ నిందితుడి అక్క, తన సాక్షిని తన ముందే నిలువునా చీల్చడం అతనికి నచ్చలేదు. "లాండీ, మూతి వంకరపోతుందన్న భయాన్ని తీసుకెళ్లి జడ్జి ముందు పెడితే, ఆయన నా మూతి పగలగొడతాడు. నిమ్మరసం వచ్చి సాక్ష్యం చెప్తుందా?"

"చెప్పదు. ఆ మూత ఎత్తి పైకి చూడండి, అక్కడున్నది చెప్తుంది. ఈ గదికీ ముసలాయన గదికీ సీలింగు పైనంతా ఒకటే ఖాళీ. పాత ఇల్లు, పైన రెండు మీటర్ల చీకటి. మధ్య గోడ సీలింగు దాకానే ఉంది. మూడు నిమిషాల పని."

"నిచ్చెన పక్క వీధి వాళ్లకిచ్చాం," అన్నాడు గస్పార్. "తెప్పిస్తాను."

"తెప్పించు," అన్నాడు సెటీనా. "లాండీ, అందాకా ఆ గదిలో నీకు పది నిమిషాలు. నేను పెరట్లో ఉంటాను. నిచ్చెన వస్తే సరే, రాకపోతే నా దారి నాది."

తన గుట్టంతా గస్పార్ వినేలా తనే విప్పేశానని లాండీకి అప్పుడు తట్టలేదు. ఎదుటివాడి మొహం పాలిపోవడం చూసే సంతోషంలో నోటికి తాళం వెయ్యలేకపోవడం ఆమెకు చిన్నప్పటి జబ్బు. ఇంతకుముందు రెండు కేసులు ఆ జబ్బుతోనే పోగొట్టుకుంది.

రెండూ ఇరవైకి ఆమె దోన్ బెర్నబే గదిలోకి అడుగుపెట్టింది.

మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఒకప్పుడు దారపు కండెలు దాచిన గది కాబట్టి గడియ బయటివైపే ఉంది. ఉన్న ఒక్క కిటికీని ఏసీ కోసం ఇటుకలతో మూసేశారు. చల్లదనం పోకుండా తలుపు అంచుల చుట్టూ మందపాటి ఊలుగుడ్డ కొట్టారు. ఎదురెదురు గోడలకు రెండేసి కొక్కేలు. వాటిలో రెండు మాత్రం తాడు ఒరుసుకుని తళతళలాడుతున్నాయి. ఊయలని చుట్టచుట్టి వాటిలో ఒకదానికి తగిలించారు. ముసలాయన తాడు పొడుగు చూసింది లాండీ. ఊయల కడితే వీపు మోకాలి ఎత్తులో ఉంటుంది. కాలితో నేలని తన్ని ఊగడం ఆయనకు సరదా అన్నమాట.

ఏసీ దూరపు మూలలో, రూసెల్ పెట్టినచోటే ఉంది. చుట్టూ గోడలకి వదిలిన జాగా, నీళ్లు పోయే పైపు వాలు, అన్నీ కొలిచినట్టు ఉన్నాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ లాండీకి కావలసింది అది కాదు. ఆమె చూపు ఇటువైపు గోడ దగ్గరికి, తళతళలాడే కొక్కేనికి పైన ఉన్న సీలింగు మీదికి వెళ్లింది.

అక్కడ గోధుమరంగు మరక ఉంది. అన్నం పళ్లెమంత గుండ్రంగా, మధ్యలో తెల్లగా, అంచు మాత్రమే ముదురుగా ఉన్న వలయం. దాని పక్కనే వేలు పట్టేంత కన్నం. రూసెల్ కుక్కిన కాగితం అందులో లేదు.

నీళ్లు పోయే పైపు ఆ మూలనుంటే తడి ఈ గోడ దగ్గరికి ఎలా వస్తుంది? ఏసీ పనిలో పదిహేనేళ్లు నలిగినవాళ్లకి ఆ జవాబు పుస్తకంలో వెతకక్కర్లేదు. గ్యాస్ సిలిండరుని ఒక్కసారిగా ఖాళీ చేస్తే దాని ఒళ్లు మంచుకడుతుంది. ఈ ఊరి ఉక్కకి ఆ మంచు నిమిషాల్లో కరిగి కారుతుంది. సిలిండరు అడుగు ఎంత గుండ్రమో తడి అంతే గుండ్రంగా పడుతుంది. గురువారం తడిసిన జిప్సం ఆరి రంగు తేలడానికి ఈ నాలుగు రోజులు పట్టింది. పోలీసులు ఫొటోలు తీసిననాడు ఇక్కడేమీ కనిపించి ఉండదు.

మిగిలిన లెక్క తేలికే. ఏసీలో ఉండే గ్యాస్ రెండు కిలోల లోపు. గాలికన్నా బరువైనది కాబట్టి నేలమీద పరుచుకుంటుంది. మొత్తం కారినా ఈ గదిలో చీలమండ దాకా వస్తుంది, ఎవరూ చావరు. పదకొండు కిలోల సిలిండరు ఒకటి ఆ కన్నంలోంచి లోపలికి వదిలితే మోకాలు దాటుతుంది. ఆ ఎత్తులోనే ముసలాయన నిద్రపోతున్నాడు. వాసన లేదు, నొప్పి లేదు. రూసెల్ ఎవరి మొహం మీదా చల్లగాలి పడకూడదని వదిలేసిన చోటునే గస్పార్ ఎంచుకున్నాడు.

తమ్ముణ్ణి విడిపించే సాక్ష్యం ఈ వలయమే. ఇంతవరకూ దీన్ని చూసింది లాండీ ఒక్కతే.

"కమాండర్ గారూ," అని పిలుస్తూ ఆమె తిరిగింది.

ఆమె తిరిగేలోపే తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

లాండీ తలుపుని భుజంతో గుద్దింది. వంద ఏళ్లనాటి దేవదారు చెక్క కదల్లేదు. ఊలుగుడ్డ దాటి చప్పుడు బయటికి పోతుందో లేదో కూడా తెలియలేదు. రెండు చేతులతో బాదింది. హాల్లో పన్నెండు మిషన్లు తమ పని తాము చేసుకుంటున్నాయి.

అప్పుడు పైనుంచి 'స్‌స్' అని మొదలైంది.

కన్నంలో నల్లటి రబ్బరు గొట్టం మొన కనిపించింది. దాంట్లోంచి తెల్లటి పొగమంచు జారి, గోడవెంట దిగి, నేలమీద పాకుతోంది. నిచ్చెన పక్క వీధిలో లేదన్నమాట. ఇస్త్రీ గదిలోనే ఎక్కడో ఉంది.

తలుపు కింద సందు ఉంటుందని ఆమె మోకాళ్ల మీద కూర్చుని, అక్కడ నోరుపెట్టి అరవబోయింది. ఒక్క ఊపిరి పీల్చిందో లేదో కళ్లు బైర్లు కమ్మాయి, చేతులు తేలిపోయాయి. ఎలా లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. గోడకి ఆనుకుని పైగాలి పీల్చుకుంటూ, ఇక వంగకూడదని తనకు తాను చెప్పుకుంది. భయం వేసింది. తను ఇక్కడ పడిపోతే రూసెల్ ఏసీ రెండో ప్రాణం తీసిందంటారు. మేడ మీద పైపు కోసేశారని, ఆ ఏసీ నాలుగు రోజులుగా ఉత్త డొల్ల అని సెటీనా తనంతట తాను ఒప్పుకుంటాడా? ఆ మాట ఒప్పుకుంటే గ్యాసుని గాలికొదిలిన సంగతి కూడా బయటపడుతుంది. మూడింటికి బండెక్కిన రూసెల్‌కి సాయంత్రం ఎవరో అక్క పోయిందని చెప్తారు.

ఆమె చుట్టచుట్టిన ఊయలని విప్పి, రెండో కొస ఎదురు కొక్కేనికి బిగించింది. తాళ్లు మడతపెట్టి వీలైనంత ఎత్తుకు కట్టింది. వేళ్లు మాట వినడం లేదు, ముడి మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలిచింది. ఎగబాకి, వలలో కాళ్లు ఇరికించి, ఒక చేత్తో కొక్కేన్ని పట్టుకుని నిలబడింది. తల సీలింగుకి జానెడు దూరంలో ఉంది. వలయం సరిగ్గా కళ్లముందు ఉంది.

ఒక సిలిండరయితే నిలబడ్డ మనిషిని ఏమీ చెయ్యలేదు. ఆ సంగతి గస్పార్‌కీ తెలిసే ఉంటుంది. ఆ బుస కాసేపటికి ఆగింది. పైన ఏదో దొర్లింది. మళ్లీ మొదలైంది. రెండోది.

కన్నంలోంచి మాటలు వినిపించాయి. ఇస్త్రీ గదిలో సెటీనా గొంతు.

"ఏదయ్యా నిచ్చెన? లాండీ ఏది?"

"వాళ్లింకా ఇవ్వలేదండీ. ఆవిడ పెరటి దారిన వెళ్లిపోయింది. లాయరుని తీసుకొస్తానంది."

"ఇక్కడున్నాను," అని లాండీ అరిచింది. అరిచానని అనుకుంది. గొంతులోంచి వచ్చింది ఆమె గొంతు కాదు. బరువైన గ్యాస్ పీల్చిన గొంతు, అడుగునుంచి వచ్చే మోటు మూలుగులా ఉంది. ఇంకోసారి అరిచింది. గొంతు ఇంకా లోతుకి దిగిపోయింది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు సెటీనా.

"పక్కింటి నీళ్ల మోటారండీ. పాతదైపోయింది."

"సరే. రెండూ నలభై అయింది. ఆవిడొస్తే ఫోన్ స్టేషన్లో తీసుకోమను. నేను సంతకానికి పోతున్నా."

బూట్ల చప్పుడు దూరమైంది.

లాండీ వలయం వైపు చూసింది. తడిసి ఆరిన జిప్సం ఉలిపిరి కాగితంలా పొరలు లేస్తోంది. ఈ ఊయల మీంచి చెయ్యి అందేది ఇక్కడికే, పిడికిలితో పగిలేదీ ఇదే. దీన్ని పగలగొడితే బతుకుతుంది. పగలగొడితే గురువారం ఇక్కడొక సిలిండరు నిలబడిందని చెప్పే ఆనవాలు ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. ఫొటో లేదు. చూసిన రెండో మనిషి లేడు.

పైన సిలిండర్లున్నాయి కదా, అనుకుంది. వలయం పోయినా అవి దొరుకుతాయి. వాటిని చేతపట్టుకుంటే సెటీనా కాదనలేడు. కాళ్లకింద పొగమంచు ఊయల అడుగుని తాకింది. తల ఒక పక్కకి వాలిపోతోంది. ఇంకో రెండు నిమిషాలాగితే ఈ ఆలోచన కూడా ఉండదు.

మొదటి దెబ్బకి వలయం నెర్రెలిచ్చింది. రెండో దెబ్బకి అంచు విరిగింది. "నన్ను క్షమించరా," అని తమ్ముడితో అంటూ మూడో దెబ్బ కొట్టింది. పళ్లెమంత గుండ్రం ముక్కలు ముక్కలై, పొడిపొడిగా రాలి, కింద తెల్లటి పొగలో మునిగిపోయింది. పిడికిలి నెత్తురోడుతుండగా ఆమె పెచ్చులు పీకి, రెండు మోచేతులూ పైకి పెట్టి, తల దూర్చింది. వేడి గాలి, దుమ్ము కంపు కొట్టే గాలి మొహాన తగిలింది. దాన్ని ఆబగా మింగింది. ఇంతకన్నా తియ్యటి గాలి ఆమె పుట్టాక పీల్చలేదు.

చీకట్లో మూరెడు దూరంలో, మధ్య గోడ అంచు మీద వేసిన పలక మీద మూడు సిలిండర్లున్నాయి. ఒకదానికి రబ్బరు గొట్టం తగిలించి ఉంది, ఒళ్లంతా మంచు. లాండీ చెయ్యి చాపి దాని వాల్వు తిప్పి బిగించింది. అరచెయ్యి చర్మం లోహానికి అతుక్కుపోయి భగ్గుమంది. అయినా వదల్లేదు. సిలిండరుని ఛాతీకి హత్తుకుంది. దొరికావు, అనుకుంది.

అవతలి చెక్కమూతలోంచి ఇస్త్రీ గది వెలుతురు పడుతోంది. ఆ వెలుతుర్లో గస్పార్ తల కనిపించింది. అతను నిచ్చెన మీద నిలబడి ఆమెను చూస్తున్నాడు. మొహంలో కంగారు లేదు. ఒక లెక్క తప్పినవాడు ఇంకో లెక్క వేసుకుంటున్నట్టు చూశాడు. తర్వాత నిశ్శబ్దంగా దిగిపోయాడు. కింద, దోన్ బెర్నబే గది తలుపు గడియ మెల్లగా వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

అంతలో పెరట్లోంచి గస్పార్ కేక.

"కమాండర్ గారూ, ఆగండి, ఆగండి. లాండీ అక్క వెళ్లలేదు. సీలింగు పగలగొట్టి పైకెక్కింది. అక్కడ ఏవో సిలిండర్లున్నాయి, వాటిని తీసెయ్యబోతోంది."

బూట్లు పరుగున వెనక్కి వచ్చాయి. నిచ్చెన కిర్రుమంది. టార్చిలైటు వెలుగు నేరుగా ఆమె కళ్లలో పడింది.

"కదలకు, లాండీ," అన్నాడు సెటీనా.

"వాడు నన్ను లోపల పెట్టి గడియ వేశాడు. గ్యాస్ వదిలాడు."

"తలుపు తీసే ఉంది. ఇప్పుడే చూసొచ్చా." సెటీనా గొంతులో ఈసారి వెటకారం లేదు. అందుకే ఆమెకు భయం వేసింది. "చేతిలో ఏంటది?"

"సాక్ష్యం. దోన్ బెర్నబేని చంపింది ఇలాంటిదే."

"దాని మీద ఏదో రాసుంది. చదువు."

టార్చి వెలుగు ఆమె కళ్ల మీంచి జరిగి సిలిండరు మీద నిలిచింది. మంచు కరిగి నీళ్లు కారుతున్నచోట నీలం రంగు పెయింటు అక్షరాలు తేలాయి. కిందటి వారం రూసెల్ ఫోన్లో మూడు సిలిండర్లు కనపడట్లేదక్కా అన్నాడు. నీకు లెక్కపెట్టడం ఎప్పుడొచ్చింది గనక అని తను నవ్వి పెట్టేసింది.

"చదువు, లాండీ."

"కానుల్ అండ్ సన్స్," అని చదివింది ఆమె. "ఏసీ రిపేర్లు."

ఆ అక్షరాలు రూసెల్ రాసినవి కావు. ఎనిమిదేళ్ల కిందట దుకాణం తమ్ముడికి అప్పగించే ముందు, ఎవరూ ఎత్తుకుపోకుండా తనే కూర్చుని, తన చేత్తో ఒక్కొక్క సిలిండరు మీదా వేసింది.